తూత్తుకుడికి వస్తామంటున్న కొరియా ఓడల కంపెనీ: దాని వెనక కథ



పోయిన డిసెంబరు నుంచి మన గ్రూపులో ఒకటే మాట నడుస్తా ఉంది. తూత్తుకుడిలో కొరియావాళ్ళు ఓడలు కట్టే కంపెనీ పెడతారంట, మన పిల్లలకు ఏం చదువు చెప్పించాలి, ఒట్టపిడారం పక్క ఉన్న భూమి ఇప్పుడే అమ్మాలా, ఆగాలా అని. కోవిల్పట్టి నుంచి, విరుదునగర్ నుంచి కొందరు మాకు ఫోన్ చేసి కూడా అడిగినారు. రైల్వేలో గుమాస్తా పని చేసి రిటైరయినవాళ్ళం, ఓడల సంగతి మాకెందుకు అని మొదట ఊరుకున్నాం. తర్వాత ఆ కంపెనీ చరిత్ర చదవడం మొదలుపెడితే వదలబుద్ధి కాలేదు. పొడుగు రాతే, ఓపిగ్గా చదవండి.

ముందు జరిగింది జరిగినట్టు చెబుతాం. 2025 సెప్టెంబరులో కొచ్చిన్ షిప్‌యార్డు, ముంబయి మజగావ్ డాక్ తూత్తుకుడిలో ఓడల నిర్మాణ కేంద్రాలు పెట్టడానికి తమిళనాడు ప్రభుత్వంతో ఒప్పందాలు రాసుకున్నాయి. ఈ రెండూ కేంద్ర ప్రభుత్వ సంస్థలే. రెండూ కలిపి 30,000 కోట్ల రూపాయల మాట. డిసెంబరు 7న మదురైలో జరిగిన పెట్టుబడుల సమావేశంలో కొరియా హెచ్‌డి హ్యుందాయ్ కూడా కొత్త షిప్‌యార్డు గురించి ఒక ఒప్పందం రాసుకునింది. ఇవన్నీ అవగాహన ఒప్పందాలు. మన ఇళ్ళ భాషలో పెళ్ళిచూపులు అయినాయి, తాంబూలాలు ఇంకా మార్చుకోలేదు. భూమి బ్రోకరు దీన్నే పెళ్ళి అయిపోయినట్టు చెబుతాడు. అది ఆయన వ్యాపారం.

హ్యుందాయ్ అంటే కార్ల కంపెనీ కదా అని చాలామంది అడిగినారు. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1998 నుంచి శాంట్రో కార్లు తయారు చేసినవాళ్ళూ, ఈ ఓడలవాళ్ళూ ఒకే ఇంటి మనుషులు. ఇరవై ఏళ్ళ కింద వేరుకాపురాలు పెట్టినారు. ఇద్దరికీ మూలపురుషుడు చుంగ్ జూ యుంగ్. 1915లో ఇప్పటి ఉత్తర కొరియాలో ఉన్న తొంగ్‌చన్ జిల్లా పల్లెలో సేద్యం ఇంట్లో పెద్దకొడుకుగా పుట్టినాడు. నాన్న ఆవును అమ్మిన డబ్బు 70 వాన్ తీసుకుని పట్నానికి పారిపోయినాడు. పారిపోయి ఏం చేసినాడో తెలుసా, పద్దులు రాసే చదువు చెప్పే బడిలో చేరినాడు. గుమాస్తా అవుదామని ఇల్లు విడిచినవాడు! మా జాతివాడే అనుకుని నవ్వుకున్నాం. నాన్న వెతుక్కుంటా వచ్చి ఇంటికి తీసుకుపోయినాడు. మళ్ళీ పారిపోయినాడు. బియ్యం అంగట్లో సైకిలు మీద మూటలు మోసినాడు. నమ్మకంగా ఉన్నాడని యజమాని అంగడినే ఆయనకు అప్పగించినాడు. జపాన్ ప్రభుత్వం యుద్ధం కోసం బియ్యానికి రేషన్ పెట్టడంతో 1939లో అదీ మూతపడింది. తర్వాత మోటారు రిపేరు షెడ్డు, 1947లో కట్టడాల కంపెనీ, కొరియా యుద్ధంలో అమెరికా సైన్యానికి కాంట్రాక్టులు. సియోల్ నుంచి బూసాన్ దాకా 428 కిలోమీటర్ల పెద్ద రోడ్డు 1968 నుంచి 1970 లోపల వేసినారు. అందులో పెద్ద భాగం ఈయన కంపెనీ పనే. ఆ రోడ్డు పనిలో 77 మంది చనిపోయినారు.

ఆవు డబ్బు కథ మన గ్రూపులో ఇప్పటికి నాలుగుసార్లు వచ్చింది. ధైర్యం ఉంటే చాలు అని కింద ఒక వాక్యం. కథ నిజమే. 1998లో ఆ ముసలాయన 83వ ఏట రెండు కొరియాల సరిహద్దు దాటించి 1,001 ఆవుల్ని తన పుట్టిన పక్కకు తోలుకుపోయినాడు, జూన్‌లో 500, అక్టోబరులో 501. ఒక ఆవుకు వడ్డీతో సహా తీర్చినట్టు. కానీ ఓడల కంపెనీ ఆ ధైర్యంతో మాత్రమే లేవలేదు. మేము చెప్పదలుచుకున్నది ఆ మిగతా సంగతే.

ఓడలు కట్టమని పట్టుబట్టింది అధ్యక్షుడు పార్క్ చుంగ్ హీ. ఆయన సైనిక నియంత, కాదంటే వినే మనిషి కాదు. డబ్బు కోసం 1971లో చుంగ్ లండన్ పోయినాడు. చేతిలో ఏముంది? ఉల్సాన్ దగ్గర మీపో అనే సముద్రపు ఒడ్డు ఫోటో ఒకటి, దాంట్లో దేవదారు చెట్లు, నాలుగు ఇళ్ళు. అప్పు ఇవ్వాలంటే బ్యాంకుకు బ్రిటన్ ప్రభుత్వ పూచీ కావాలి. పూచీ ఇవ్వాలంటే ఓడ కొనేవాడు ఉండాలి. కొనేవాడు రావాలంటే షిప్‌యార్డు ఉండాలి. షిప్‌యార్డు కట్టాలంటే అప్పు కావాలి. పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు అని మన పెద్దవాళ్ళు చెప్పింది ఇదే.

ఇక్కడ కంపెనీవాళ్ళు గర్వంగా చెప్పుకునే కథ ఒకటుంది. యాపిల్‌డోర్ అనే ఇంగ్లీషు సంస్థ ఛైర్మన్ లాంగ్‌బాటమ్ సందేహపడితే, చుంగ్ జేబులోంచి 500 వాన్ నోటు తీసి చూపించినాడంట. ఆ నోటు మీద తాబేలు ఓడ బొమ్మ ఉంది, 1592లో జపాన్ దండయాత్ర వచ్చినప్పుడు యీ సున్ సిన్ అనే సేనాపతి వాడిన కవచపు ఓడ. మీకన్నా ముందే మేము ఓడలు కట్టినాం అని చెప్పి సిఫారసు సంపాదించినాడంట. ఎంత నిజమో ఎంత ఉప్పూకారమో, ఆ కథ ఇప్పటికీ ఆ దేశంలో పిల్లలకు కూడా తెలుసు. చివరికి గ్రీకు ఓడల యజమాని జార్జ్ లివనోస్ 2,60,000 టన్నుల చమురు ఓడలు రెండు ఆర్డరు ఇచ్చినాడు. షిప్‌యార్డే లేని చోట ఎందుకిచ్చినాడు అంటే, ధర తక్కువ, పూచీ గట్టిది. వెనక కొరియా ప్రభుత్వం నిలబడింది.

2,60,000 టన్నులు అంటే ఎంతో మన లెక్కలో చెబుతాం. బొగ్గు వేసుకున్న ఒక పూర్తి గూడ్స్ బండి 3,500 నుంచి 4,000 టన్నులు మోస్తుంది. అలాంటి బళ్ళు 65, 70 వరసగా మణియాచ్చి జంక్షన్ దాటితే ఆ సరుకంతా ఒక్క ఓడలో పడుతుంది.

1972 మార్చి 23న భూమిపూజ. షిప్‌యార్డూ ఓడలూ ఒకేసారి కట్టినారు. ఒక పక్క డాక్ తవ్వుతా ఉంటే ఇంకో పక్క ఓడకు రేకులు కోస్తా ఉన్నారు. 1974 జూన్ 28న రెండూ పూర్తయినాయని పండగ చేసినారు. మధ్యలో జరిగిన ఒక సంగతి మాకు చాలా నచ్చింది. ఓడ పటాలు స్కాట్లాండులోని స్కాట్ లిత్‌గో కంపెనీ నుంచి తెచ్చినారు. ఆ కంపెనీకి జాగా చాలక పెద్ద ఓడను రెండు సగాలుగా కట్టి తర్వాత అతికించేది. వీళ్ళకు అంత పెద్ద డాక్ ఉన్నా, పటంలో ఉంది కదా అని వీళ్ళూ రెండు సగాలుగానే కట్టినారు. కట్టి దగ్గరికి తెస్తే రెండు సగాలూ ఒకదానికొకటి సరిపోలేదంట! ఆ కంపెనీని పరిశోధించినవాళ్ళు రాసిన సంగతి ఇది. చూచిరాత రాసే పిల్లవాడి పనిలా ఉంది. ఆ తర్వాత జపాన్ కవాసాకి కంపెనీ దగ్గర కూడా నేర్చుకున్నారు. పనివాళ్ళను స్కాట్లాండుకు పంపించి నేర్పించినారు. అన్నిటికన్నా ముఖ్యం, భూమిపూజ చేసిన 1972లోనే సొంతంగా పని నేర్పే బడి పెట్టినారు. వెల్డింగు, రేకు కోయడం, పైపు బిగించడం. పల్లెల నుంచి వచ్చిన సేద్యపు ఇళ్ళ పిల్లలు, చేపలు పట్టే ఇళ్ళ పిల్లలు ఆ బడిలో చేరినారు.

ఓడ పూర్తయ్యేలోగా 1973 చమురు సంక్షోభం వచ్చి పడింది. పెద్ద చమురు ఓడలు ఎవరికీ అక్కరలేదు. కట్టిన ఓడలు మూడు, కొంటామన్నవాళ్ళు తీసుకోకుండా మిగిలిపోయినాయి. మామూలు కంపెనీ అయితే అక్కడే దివాలా. వీళ్ళు ఆ ఓడలతోనే 1976లో సొంత రవాణా కంపెనీ పెట్టినారు. కొరియాకు వచ్చే చమురు కొరియా ఓడల్లోనే రావాలని ప్రభుత్వం పక్కన నిలబడింది. అదే ఏడు సౌదీ అరేబియా జుబైల్‌లో హార్బరు పని దొరికింది, 93 కోట్ల డాలర్లకు పైగా విలువ. దానికి కావలసిన ఇనుప కట్టడాలు ఉల్సాన్‌లోనే చేసి, సముద్రం మీద ఆసియా అంతా చుట్టి లాక్కుపోయినారు. 1980లు వచ్చేసరికి ఓడల నిర్మాణంలో ప్రపంచంలో మొదటి వరసలో కూర్చున్నారు.

ఇప్పుడు మన పక్కకు వస్తాం. ఉల్సాన్‌లో పండగ చేసిన 1974 జూన్ 28 తర్వాత సరిగ్గా 13 రోజులకు, జూలై 11న, తూత్తుకుడి కొత్త హార్బరును దేశంలో పదో పెద్ద రేవుగా ప్రకటించినారు. ఒకే నెల వయసు తేడా లేని ఇద్దరు పిల్లలు! ఒకడు ఓడలు కట్టినాడు, ఇంకొకడు ఓడల్లోంచి బొగ్గు, ఎరువు దించినాడు.

మనవాళ్ళకు ధైర్యం లేదా అంటే, ఒట్టపిడారంలో పుట్టిన వ.ఉ. చిదంబరం పిళ్ళైగారి పేరు ముందు ఆ మాట ఎవరూ అనలేరు. మేము తమిళ మీడియం బడిలో ఆయన పాఠం చదువుకున్నవాళ్ళమే. 1906 అక్టోబరులో స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీ రిజిస్టరు చేసినారు. మూలధనం 10 లక్షలు, ఒక్కొక్క షేరు 25 రూపాయలు. గాలియా, లావో అని రెండు ఓడలు విదేశం నుంచి కొని తూత్తుకుడికీ కొలంబోకూ నడిపినారు. తెల్లవాళ్ళ కంపెనీ టిక్కెట్టు ఒక రూపాయికి దించింది. తర్వాత ఉచితంగా ఎక్కించుకుని గొడుగు కూడా ఇస్తామని ఆశ పెట్టిందని చెబుతారు. 1908లో పిళ్ళైగారిని అరెస్టు చేసి ద్రోహం కేసు కింద శిక్ష వేసినారు. కోయంబత్తూరు జైల్లో చెక్కగానుగ లాగించినారు. 1911కల్లా కంపెనీ మూసేసినారు. అదే 1911లో కంపెనీని అణచడంలో చేయి ఉన్న కలెక్టరు ఆష్‌ను మణియాచ్చి స్టేషన్లో వాంచినాథన్ కాల్చినాడు. ఆ జంక్షన్‌కు ఇప్పుడు ఆయన పేరే. మాలాంటి రైలువాళ్ళం ఆ పేరు ఎన్ని వేలసార్లు రాసినామో లెక్కలేదు. వకీలు లైసెన్సు తిరిగి వచ్చినాక పిళ్ళైగారు కోవిల్పట్టిలోనే కొన్నేళ్ళు ప్రాక్టీసు చేసినారు. మన ఊరి కోర్టులో చిన్న చిన్న కేసులు చూసుకుంటా.

చుంగ్ జూ యుంగ్‌కూ పిళ్ళైగారికీ ధైర్యంలో తేడా లేదు. ఒకాయన వెనక ప్రభుత్వం పూచీకత్తుగా నిలబడింది. ఇంకొకాయన చేతికి ప్రభుత్వం సంకెళ్ళు వేసింది. అంతేకాదు, పిళ్ళైగారి ఓడలు కొన్న ఓడలు. కట్టే చోటు మన చేతిలో లేదు.

కట్టే చోటు మన తెలుగువాళ్ళ సముద్రం ఒడ్డున వచ్చింది. సింధియా కంపెనీ వాల్‌చంద్ హీరాచంద్ పూనుకుంటే 1941 జూన్ 21న విశాఖపట్నంలో బాబూ రాజేంద్ర ప్రసాద్ పునాదిరాయి వేసినారు. ఉల్సాన్ కన్నా 31 ఏళ్ళు ముందు! మరుసటి ఏడు ఏప్రిల్‌లో జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేసినాయి, పని చెదిరింది. అయినా 1948 మార్చి 14న 8,000 టన్నుల జల ఉష ఓడను నెహ్రూగారు నీళ్ళలోకి దించినారు. 1952లో ప్రభుత్వం మూడింట రెండు వంతులు తీసుకుని హిందుస్తాన్ షిప్‌యార్డు అని పేరు పెట్టింది, 1961లో మొత్తం తీసుకునింది.

మరి విశాఖ ఎందుకు ఉల్సాన్ కాలేదు? తెలుగువాడు సోమరి, కొరియావాడు చురుకు అని మన గ్రూపులో ఒకరు రాసినారు. మేము ఒప్పుకోం. విశాఖకు ఆర్డర్లు దాదాపు మన దేశపు కంపెనీల నుంచి, తర్వాత నౌకాదళం నుంచి. ఒక్కొక్కటి ఒక రకం ఓడ. ఉల్సాన్‌కు బయటి దేశాల ఆర్డర్లు, ఒకే రకం ఓడ మళ్ళీ మళ్ళీ. పదోసారి కట్టేటప్పుడు చేతికి పని తెలిసిపోతుంది. ఇంకోటి ఉక్కు రేకు. ఉల్సాన్ పక్కనే పోహాంగ్‌లో 1973లో ఉక్కు ఫ్యాక్టరీ మొదలైంది. విశాఖకు ఓడ రేకులు భిలాయి, రూర్కెలా నుంచి రైలు మీద రావాలి. అంత పోరాటం చేసి తెచ్చుకున్న విశాఖ ఉక్కు ఫ్యాక్టరీలో తయారయ్యేది కమ్మీలు, కడ్డీలు, దూలాలు. ఓడకు కావలసిన వెడల్పు రేకు అక్కడ చేయరు. షిప్‌యార్డూ ఉక్కు ఫ్యాక్టరీ ఒకే ఊళ్ళో ఉండి ఒకదానికొకటి పనికిరాకపోవడం లాంటి విచిత్రం ఇంకెక్కడా చూడలేదు. తూత్తుకుడి విషయంలో కూడా అడగాల్సిన ప్రశ్న ఇదే, రేకు ఎక్కడి నుంచి వస్తుంది అని.

ఇక పనివాళ్ళ సంగతి. గ్రూపులో తిరిగే కథల్లో ఇది ఎవరూ పెట్టలేదు. ఉల్సాన్‌లో ఉదయం గేటు దగ్గర జుట్టు పొడుగు చూసేవాళ్ళు. పొడుగుంటే అక్కడే కత్తెర వేసేవాళ్ళు. పెద్దపెద్ద మగవాళ్ళకు! 1987 వేసవిలో కొరియా అంతా పనివాళ్ళు లేచినప్పుడు ఉల్సాన్‌లో వాళ్ళ కోరికల పట్టీలో జీతం, సంఘం పెట్టుకునే హక్కుతో పాటు జుట్టు మా ఇష్టం అనేది కూడా ఉంది. 1988 డిసెంబరు నుంచి 128 రోజులు సమ్మె జరిగింది. దాన్ని విరగ్గొట్టడానికి పోలీసులు నేల మీద నుంచీ సముద్రం మీద నుంచీ కూడా వచ్చినారు. 1990లో పనివాళ్ళు 82 మీటర్ల ఎత్తు గోలియత్ క్రేను ఎక్కి కూర్చున్నారు. ఆ ఊళ్ళో పనివాడి జీతం మంచి జీతం అయింది ఆ తర్వాతే. రైల్వేలో 1974 మే సమ్మె చూసిన పెద్దవాళ్ళు మన సంగంలో ఇంకా ఒకరిద్దరు ఉన్నారు, వాళ్ళకు ఇది వేరేగా వివరించక్కరలేదు.

చావులు కూడా చెప్పాలి. ఉల్సాన్ కంపెనీ మొదలైనప్పటి నుంచి పని చేస్తా చనిపోయినవాళ్ళు 400 మందికి పైనే అని అక్కడి కార్మిక సంఘం లెక్క. ఇందులో కాంట్రాక్టు కింద పనిచేసినవాళ్ళు ఎక్కువవుతా వచ్చినారు. మన విశాఖ షిప్‌యార్డులో కూడా 2020 ఆగస్టు 1న క్రేను కూలి 11 మంది పోయినారు. పిల్లవాడిని పంపేటప్పుడు కంపెనీ పేరు అడిగితే చాలదు, కంపెనీ మస్తరులో ఉంటాడా, కాంట్రాక్టరు కిందనా అని అడగాలి.

ఇంకో సంగతి. స్వీడన్‌లో మాల్మో అనే ఊళ్ళో కోకమ్స్ కంపెనీకి 1,500 టన్నులు ఎత్తే పెద్ద క్రేను ఉండేది. షిప్‌యార్డు మూతపడితే 2002లో దాన్ని హ్యుందాయ్‌వాళ్ళు ఒక్క డాలరుకు కొని, విప్పి ఉల్సాన్‌కు తెచ్చుకున్నారు. విప్పి తీసుకుపోయేటప్పుడు మాల్మో జనం ఒడ్డున నిలబడి ఏడ్చినారంట, ఉల్సాన్‌లో దాన్ని మాల్మో కన్నీళ్ళు అని పిలుస్తారు. ఇప్పుడు ఉల్సాన్‌లోనే పని చేసే కుర్రవాళ్ళు చాలక వియత్నాం, థాయిలాండ్ నుంచి వెల్డర్లను పిలిపించుకుంటా ఉన్నారు. చైనా ముందుకు దూసుకుపోయింది. కొరియావాళ్ళు తూత్తుకుడి వైపు చూడడం వెనక ఇదంతా ఉంది. మన మీద ప్రేమ అని అనుకోనక్కరలేదు, అవసరం అంతే. అవసరంతో వచ్చినవాడితో బేరం బాగానే ఆడొచ్చు.

భూమి గురించి అడిగినవాళ్ళకు మా జవాబు ఇది. లండన్‌కు తీసుకుపోయిన ఆ ఫోటోలో ఉన్న నాలుగు ఇళ్ళవాళ్ళు ఏమైనారో మేము చదివిన ఏ కథలోనూ లేదు. మన కరిసల్ నేల వానం చూసే నేల. దాని మీద విసుగు మాకూ తెలుసు. పత్తి వేసి, మినుము వేసి, వాన రాక అప్పు చేసిన ఇళ్ళే మనవి. కానీ సర్వే నంబరుతో గెజిట్‌లో నోటీసు వచ్చేదాకా ఎవరి మాట మీదా అడ్వాన్సు పుచ్చుకోవద్దు. పట్టా, వారసుల పేర్లు ఇప్పుడే సరిచేసుకోండి. తాత పేరు మీదే ఉన్న పట్టాలు మన ఊళ్ళల్లో ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. పరిహారం వచ్చే రోజున అన్నదమ్ములు కోర్టుకెక్కితే డబ్బు ట్రెజరీలో కూర్చుంటుంది.

పిల్లల చదువు గురించి. మన సంగం విద్యానిధి ఇన్నేళ్ళుగా ఇంజనీరింగు, డాక్టరు చదువులకు మాత్రమే ఇస్తా ఉంది. షిప్‌యార్డులో ఇంజనీరు ఒకరుంటే చేతిపని చేసేవాళ్ళు పదిమంది ఉంటారు. ఓడ మీద వెల్డింగు చేయాలంటే ఊరి గేటుకు గ్రిల్ అతికించే పనితనం చాలదు. పడుకోబెట్టిన రేకు, నిలబెట్టిన రేకు, తల మీద ఉన్న రేకు, పైపు చుట్టూ తిరిగి చేసేది, ఒక్కొక్కదానికి వేరే వేరే పరీక్ష ఉంది. ఇండియన్ రిజిస్టర్ ఆఫ్ షిప్పింగ్, లాయిడ్స్ లాంటి సంస్థల పరీక్ష పాసయితేనే ఓడను తాకనిస్తారు. పైపు పరీక్షలో కష్టమైనది 6జి అంటారు. అది పాసయినవాడు తూత్తుకుడి రాకపోయినా కొచ్చిన్ పోతాడు, గల్ఫ్ పోతాడు, ఉల్సాన్‌కే పోతాడు.

అందుకని వచ్చే సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం పెడతా ఉన్నాం. విద్యానిధిలో మూడో వంతు ఐటీఐ ఫిట్టరు, వెల్డరు చదువుకూ, ఆ పరీక్షల ఫీజుకూ కేటాయించాలని. ఆడపిల్లలకు కూడా. కోవిల్పట్టి శాఖ నుంచి ఇద్దరు బలపరుస్తామన్నారు. విరుదునగర్ శాఖవాళ్ళ జవాబు ఇంకా రాలేదు, ఆదివారంలోగా చెప్పగలరు.